ఆరో రౌండుకు ఆగే రైఫిల్

జమ్మలమడుగు అవతల కొండ కింద, మా వాళ్ళు ఏడాదికొకసారి ఫైరింగ్ ప్రాక్టీసుకు వెళ్ళే ఎర్రమట్టి మైదానం ఒకటుంది. ఆ ఏడాది అక్కడ, ఎండ ముదిరిన వేళ, యాభై ఏళ్ళ కానిస్టేబుల్ ఒకాయన బోర్లా పడుకుని పేలుస్తున్న రైఫిల్ ఆరో రౌండు దగ్గర ఆగిపోయింది. ఆయన చెయ్యెత్తాడు. నేను వెళ్ళి చూశాను. పేలిన తూటా గుల్ల బయటికి పడకుండా మధ్యలో అడ్డంగా ఇరుక్కుని ఉంది. లాగి పారేశాను. ఆయన ఏడోది పేల్చాడు. మళ్ళీ అంతే. ఎనిమిదోదీ అంతే.

నేను సాయుధ పోలీసుల్లో ఆర్మరర్‌గా పనిచేసే హెడ్ కానిస్టేబుల్‌ని. తుపాకులు విప్పడం, తుడవడం, అరిగిన భాగాలు మార్చడం, చివరికి పనికొస్తుందో లేదో తేల్చి రిజిస్టర్లో సంతకం పెట్టడం నా ఉద్యోగం. మా దగ్గర ఆ పని నేర్చుకున్న ఆడమనిషిని నేనొక్కదాన్నే. అందుకని నా సంతకం గురించి నాకు కొంచెం గర్వం కూడా ఉండేది.

మా రిజర్వ్ ఇన్‌స్పెక్టర్ వచ్చి ఆయన తల దగ్గర నిలబడ్డాడు.

"ఏందప్పా, తుపాకి తోమినావా లేదా?"

"పొద్దున్నే తోమినా సార్. అయిదు బాగా పోతాయి సార్. ఆ మీదట మొరాయిస్తాది. పోయినేడు గూడా ఇట్లనే అయింది."

వెనక వరసలోంచి ఎవరో, "గొర్రెలు తోలుకునేటోళ్ళకు తుపాకి సంగతి ఏం తెలుస్తాదిలే" అన్నారు. కొందరు నవ్వారు. ఆయనది సింహాద్రిపురం దగ్గర పల్లె. అన్నదమ్ములు ఇప్పటికీ మందలు పెట్టుకుని బతుకుతున్నారు. ఆ మాట ఆయన చెవిన పడింది. నేల మీద నుంచి తల మాత్రం తిప్పలేదు.

ఇన్‌స్పెక్టర్ నన్నడిగాడు. "రైఫిల్ ఎట్లుందమ్మా?"

"బాగుంది సార్. పోయిన నెలే నేను చూసి సంతకం పెట్టినా."

అది అబద్ధం కాదు. నేను చూసింది నిజం, సంతకం పెట్టింది నిజం. కానీ ఆ ఒక్క మాటతో తప్పంతా ఆయన నెత్తిన పడిందని నాకు అప్పుడు తట్టలేదు. మూడో రోజు ఆయన చేతికి మెమో వచ్చింది. ఆయుధం పట్ల నిర్లక్ష్యం, ఫైరింగ్‌లో ఫెయిలు. హెడ్ కానిస్టేబుల్ ప్రమోషన్ కోసం ఆయన ఎదురుచూస్తున్న రోజులవి.

ఆ మెమో పట్టుకుని ఆయన ఆర్మరీకి వచ్చాడు. లోపలికి రాలేదు. గడప బయటే నిలబడి, "ఒకతూరి ఆ తుపాకి మళ్ళీ చూస్తారా మేడం" అన్నాడు.

"చూద్దాం రా అన్నా" అని బల్ల మీద పెట్టి విప్పాను.

ఆ రైఫిల్ పనిచేసే తీరు చెప్పుకోవడానికి సులువే. తూటా పేలినప్పుడు పుట్టే గ్యాస్‌లో కొంత భాగం, బారెల్‌కున్న సన్నటి రంధ్రంలోంచి పైకి వచ్చి ఒక గొట్టంలో దూరుతుంది. అందులో ఉన్న పిస్టన్‌ను వెనక్కి తంతుంది. ఆ తన్నుకు లోపలి భాగాలు వెనక్కి పోయి గుల్లను బయటికి విసిరేసి, స్ప్రింగు తోపుడుకు ముందుకొస్తూ కొత్త రౌండును ఎక్కించుకుంటాయి. మనిషి ట్రిగ్గర్ నొక్కితే చాలు, మిగతాదంతా గ్యాస్ చూసుకుంటుంది. ఆ గ్యాస్ దారిలో ఎక్కడన్నా కారిపోతే తన్నులో బలం తగ్గుతుంది. గుల్ల సగంలో ఇరుక్కుంటుంది.

ఎంత గ్యాస్ వాడుకోవాలో తేల్చే రెగ్యులేటర్ రింగు ఒకటి గొట్టం ముందు ఉంటుంది. ఆయన దాన్ని పూర్తిగా మూసి పెట్టాడు. అంటే గ్యాస్ ఏమాత్రం బయటికి వదలకుండా అంతా పిస్టన్‌కే అందేలా. అలా పెట్టినా చాలడం లేదంటే ఎక్కడో కారుతోందన్నమాట. ఆ రోజు నేను అక్కడే ఆగి ఆలోచించి ఉండాల్సింది. ఆలోచించలేదు. రింగును మామూలు చోటికి తిప్పి, పిస్టన్ చూశాను. నిటారుగా, నునుపుగా ఉంది. గొట్టానికి ముందు మూతలా ఉండే ప్లగ్‌లో మసి లేదు. స్ప్రింగు గట్టిగా ఉంది. అన్నీ బిగించి, వెనక ఇసుక గుంత దగ్గరికి తీసుకెళ్ళి, మ్యాగజైన్‌లో ఒక్కటే రౌండు పెట్టి పేల్చాను. లోపలి భాగాలు పూర్తిగా వెనక్కి పోయి అక్కడే నిలిచాయి. గ్యాస్ సరిపోతోందని తేల్చడానికి మేం చేసే పరీక్ష అదే.

"చూడన్నా, బాగానే ఉంది గదా" అన్నాను.

ఆయన రైఫిల్ వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు.

"మీరు ఒగటి పేల్చి చూస్తారు మేడం. నన్ను పది పేల్చమంటారు."

అంతే అన్నాడు. మెమో మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆయన గొంతులో కోపం ఉంటే నేను తేలిగ్గా తీసుకునేదాన్ని. కోపం లేదు. నేను ఎన్నేళ్ళుగానో చేస్తున్న పరీక్షలో లోపం ఎక్కడుందో ఆయన ఒక్క ముక్కలో చెప్పి పోయాడు. మైదానంలో కూడా ఆయన ఇదే చెప్పాడు. అయిదు బాగా పోతాయి, ఆ మీదట ఆగుతుంది అని. జబ్బు లక్షణం ఎవరైనా అంతకంటే స్పష్టంగా చెప్పలేరు. నేను వినలేదు.

ఆ రోజే నిర్ణయించుకున్నాను. కారణం దొరికేదాకా ఆ రైఫిల్‌ను వదలకూడదని.

అనుమతి తీసుకుని తర్వాతి వారం మైదానానికి వెళ్ళి నేనే పది రౌండ్లు పేల్చాను. అయిదు గుల్లలు కుడివైపుకు చక్కగా ఎగిరి పడ్డాయి. ఆరోది ఇరుక్కుంది. చెప్పలేని సంతోషం కలిగింది. ఆయన చెయ్యి వల్ల కాదని తేలింది కదా! పిస్టన్ మార్చి మళ్ళీ పేల్చాను. ఈసారి ఏడోది ఇరుక్కుంది. ముందు ప్లగ్ మార్చాను. ఆరోది. స్ప్రింగు మార్చాను, మ్యాగజైన్ మార్చాను, వేరే పెట్టెలోని రౌండ్లు వాడాను. ప్రతిసారీ ఆర్మరీకి తెచ్చి విప్పితే అన్నీ బాగున్నాయి. ప్రతిసారీ మైదానంలో ఆరో, ఏడో దగ్గర ఆగిపోతోంది. మూడు వారాలు ఇదే వరస. వేలి గోళ్ళ కింద నూనె మసి సబ్బుకు పోవడం మానేసింది.

నాలుగోసారి రౌండ్లు అడగడానికి వెళ్తే ఇన్‌స్పెక్టర్ కుర్చీలో వెనక్కి వాలాడు. చెడ్డమనిషి కాదు. పని త్వరగా తెమలాలనే రకం.

"ఎందుకమ్మా ఈ తిప్పలు? పనికిరాదని రాసి వర్క్‌షాపుకు పంపిచ్చెయ్. వాళ్ళు చూసుకుంటారు."

"కారణం రాయకుండా పంపిస్తే, వాడినోడే చెడగొట్టినాడంటారు సార్. ఆయన మెమో అట్లనే ఉంటాది."

"కారణం రాస్తే ఇంగో మాట గూడా వస్తాది. ఫైరింగ్‌కు నెల ముందు బాగుందని రాసిందెవరు? నువ్వే గదా. నిన్నడగరా?"

నేను అది ఆలోచించలేదని కాదు. రాత్రిళ్ళు పడుకుని చాలాసార్లు ఆలోచించాను.

"అడగనీ సార్" అన్నాను. "ఇంకో ఇరవై రౌండ్లు ఇప్పియ్యండి."

ఆయన సంతకం పెట్టాడు. "ఇదే ఆఖరు" అన్నాడు.

ఆఖరుసారి కాబట్టి, వెంటనే వాడెయ్యడానికి ధైర్యం చాలలేదు. ఆదివారం ప్రొద్దుటూరులో మా పుట్టింటికి వెళ్ళాను. మా నాయన నలభై ఏళ్ళు ఆయిల్ ఇంజన్లు బాగుచేశాడు. ఇప్పుడు రైతులందరూ కరెంటు మోటార్లకు మారిపోయారు. అయినా ఆయన షెడ్డు మూయలేదు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఇంకా ఒకటీ అరా ఇంజను ట్రాక్టరు మీద వస్తూనే ఉంటుంది. ఆయనకు ఒక చెవి సరిగా వినపడదు. అందుకని మాట్లాడేవాళ్ళ నోటివైపు చూస్తూ వింటాడు.

ఎర్రకారం దోసె తింటూ జరిగిందంతా చెప్పాను. తుపాకి గురించి ఆయనకు ఏమీ తెలియదు. కానీ గొట్టం, పిస్టన్, గ్యాస్ అనగానే తినడం ఆపి చెయ్యి కడుక్కున్నాడు.

"నువ్వు ఎట్ల చూస్తాండావు? విప్పి చూస్తాండావా, బిగించినాక చూస్తాండావా?"

"విప్పి చూస్తాండా నాయనా. ప్రతి ముక్కా చూసినా."

"ఆ, విప్పితే ఏం కనపడ్తాది? విప్పినాక ఏ ఇంజనైనా మంచిదే. కారేది అది పని చేసేటప్పుడు గదా. చల్లగున్నప్పుడు చూస్తాండావు, గమ్మున పడుకున్నప్పుడు చూస్తాండావు. అది అదిరేటప్పుడు చూడాల."

"పేలేటప్పుడు దగ్గర కన్ను పెట్టి చూసేదానికి యాడైతాది?"

"కన్నెందుకు? ఇంజను హెడ్డు కాడ పొగ కారుతాందని అనుమానమొస్తే నేనేం చేస్తా? చుట్టూ రోంత సున్నం పూస్తా. తెల్లగా ఆరినాక ఇంజను తిప్పుతా. యాడ నల్లగయితాదో ఆడ దొంగ ఉన్నట్టే."

అని లేచి, షెడ్డులోంచి ఒక సుద్దగడ్డ తెచ్చి నా చేతిలో పెట్టాడు. పెళ్ళయి ఇరవై ఏళ్ళైన కూతురికి పలక మీద రాయడానికి ఇచ్చినట్టు ఇచ్చాడు. "ఒక్కొక్కటి పేల్చి, ఒక్కొక్కసారి చూడు. పదీ పేల్చి చూస్తే ఏది ముందో ఏది ఎనకో తెల్దు" అని మళ్ళీ తినడానికి కూర్చున్నాడు.

ఈసారి మైదానానికి ఆ కానిస్టేబుల్‌ను కూడా రమ్మన్నాను. డ్యూటీ దిగి నేరుగా వచ్చాడు. రైఫిల్‌ను ఇసుక బస్తాల మధ్య గట్టిగా ఆనించాను. బారెల్‌ను, గ్యాస్ గొట్టాన్ని కప్పి ఉండే చెక్క తొడుగులు తీసేశాను. తొడుగును తిరగేసి చూస్తే లోపల ఎడమవైపు ఒక మసి చార ఉంది. ఇన్నిసార్లు విప్పినా, చెక్కే కదా అని పక్కన పెట్టేసిందాన్ని. ఒకసారైనా తిరగేసి చూడలేదు. సిగ్గేసింది. సుద్దను నీళ్ళలో అరగదీసి, గొట్టం పొడవునా, అది బారెల్ మీదున్న ఇనుప దిమ్మెలోకి స్క్రూలా తిరిగి బిగిసే అతుకు చుట్టూ పూశాను. ఆ ఎండకు రెండు నిమిషాల్లో ఆరిపోయింది. అతుకుకు అడ్డంగా పెన్సిలుతో ఒక గీత గీశాను. సగం గీత దిమ్మె మీద, సగం గొట్టం మీద.

"ఒగటే పేల్చన్నా. నేను చెప్పిందాకా రెండోది వద్దు."

మొదటిది పేల్చాడు. వంగి చూశాను. సుద్ద తెల్లగా ఉంది. గీత నిటారుగా ఉంది. రెండోది పేల్చాక కూడా అంతే. మూడోదానికి అతుకు దగ్గర సుద్ద వెంట్రుకవాసి పగిలింది. గీత కొంచెం విరిగినట్టు అనిపించింది. నా కళ్ళే మోసం చేస్తున్నాయేమోనని ఆయన్ను చూడమన్నాను.

ఆయన మోకాళ్ళ మీద వంగి చూశాడు. "గీత పక్కకు జరిగింది మేడం."

నాలుగోదానికి ఎడమవైపు సన్నటి నల్లచార వచ్చింది. అయిదోదానికి అది వేలెడంత అయింది. పెన్సిలు గీత రెండు ముక్కలై, అవి ఒకదానికొకటి దూరంగా పోయాయి. ఆరోది పేలింది. గుల్ల ఇరుక్కుంది. అతుకు చుట్టూ తెల్ల సుద్ద మీద నల్లటి పొగ పువ్వులా విచ్చుకుని ఉంది.

పేలిన ప్రతిసారీ ఆ అదురుకు గొట్టం కొంచెం కొంచెంగా మర విప్పుకుంటోంది. ఆరు రౌండ్లకు గ్యాస్ కారేంత సందు ఏర్పడుతోంది. అలా తిరగకుండా గొట్టాన్ని దిమ్మెకు పట్టి ఉంచడానికి అడ్డంగా చిన్న పిన్ను ఒకటి ఉంటుంది. దాని తల బయటికి మామూలుగానే, బిగుతుగానే కనిపిస్తోంది. గొట్టం ఇంకా వేడిగా ఉందని మరిచి పట్టుకుని వేళ్ళు కాల్చుకున్నాను. ఆయన తన నీళ్ళ సీసా వంచాడు. తర్వాత మొద్దు మేకులాంటి పోగరతో పిన్నును నెమ్మదిగా కొట్టి బయటికి తీశాను. బయటికొచ్చింది సగమే. రెండో సగం లోపల విరిగి ఉంది. దాన్నీ కొట్టి తీశాను.

అప్పుడు నా చేతుల అలవాటు గుర్తొచ్చింది. గొట్టం తుడిచేటప్పుడు గుడ్డ చుట్టి కుడివైపుకు గట్టిగా తిప్పుతాను. ఆయనకు నేర్పించింది కూడా మేమే, ఆయనా అలాగే తుడుస్తాడు. అంటే తుడిచిన ప్రతిసారీ తెలియకుండానే దాన్ని బిగించి పెడుతున్నాం. ఒక్క రౌండు పేల్చి చూస్తే బ్రహ్మాండంగా ఉండక ఏం చేస్తుంది!

ఆయన విరిగిన రెండు ముక్కలనూ అరచేతిలో వేసుకుని చూశాడు.

"రెండేండ్ల నుంచి నన్ను నేనే తిట్టుకున్యా అమ్మా" అన్నాడు. మేడం అనడం మరిచిపోయాడు. "చెయ్యి వణుకుతాందేమో అనుకున్యా. కండ్లు పోతాండాయేమో అనుకున్యా. పులివెందులలో డాక్టరుకు గూడా చూపిచ్చుకున్యా. ఇంట్లో చెప్పలే. ఈ వయసులో తుపాకి పట్టుకోలేకపోతాండానంటే వాళ్ళు భయపడ్తారని."

"నేను నీ మాట ముందే వినింటే ఇంత దూరం వచ్చేది గాదన్నా" అన్నాను.

ఆయన ఇసుక బస్తాలు ఎత్తి జీపులో వెయ్యడానికి లేచాడు.

ఆ సాయంత్రమే రిపోర్టు రాశాను. పిన్ను విరగడం, గొట్టం వదులవడం, సుద్ద పరీక్ష, ఏ రౌండుకు ఏం కనిపించిందో, అన్నీ వరసగా రాశాను. చివర ఇంకొక పేరా మిగిలింది. దాన్ని రాయడానికే ఎక్కువసేపు పట్టింది. కానిస్టేబుల్ వాడకంలో ఏ లోపమూ లేదని, ఫైరింగ్‌కు ముందు నెల తనిఖీలో ఈ ఆయుధం సరిగా ఉందని ధ్రువీకరించింది నేనేనని, ఒక్క రౌండుతో సరిపెట్టుకోవడం వల్ల లోపం నా దృష్టికి రాలేదని రాసి సంతకం పెట్టాను. విరిగిన ముక్కలను చిన్న కవరులో పెట్టి రిపోర్టుకు జత చేశాను.

ఇన్‌స్పెక్టర్ ఆ పేరా రెండుసార్లు చదివాడు.

"ఇది తీసేసినా రిపోర్టు నిలబడ్తాది గదమ్మా."

"నిలబడ్తాది సార్. ఆయన నిలబడడు."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. రిపోర్టును పై అధికారులకు పంపించాడు. రెండు వారాలకు కానిస్టేబుల్ మెమో రద్దయింది. అదే తపాలాలో నాకు సంజాయిషీ అడుగుతూ కాగితం వచ్చింది. జవాబు రాశాను. సర్వీసు పుస్తకంలో ఒక హెచ్చరిక నమోదైంది. కష్టంగా లేదంటే అబద్ధం చెప్పినట్టే. ఇంతకాలం ఒక్క మచ్చ లేని పుస్తకం అది. అది చదివిన గుమాస్తా నాకేసి జాలిగా చూసినప్పుడు ఆ చూపే ఎక్కువ గుచ్చుకుంది.

కానిస్టేబుల్‌కు మళ్ళీ ఫైరింగ్ పెట్టారు. కొత్త పిన్ను వేసిన అదే రైఫిల్ ఇచ్చాం. కావాలంటే వేరేది తీసుకోమన్నాను. "దీంతోనే పేలుస్తా" అన్నాడు. పది గుల్లలూ కుడివైపుకు ఎగిరి పడ్డాయి. లేచి, మోకాళ్ళ మీది ఎర్రమట్టి దులుపుకున్నాడు. వెనక వరసవైపు చూడనూ లేదు.

నాకు మాత్రం పని అక్కడితో అవలేదు. ఆ రైఫిల్‌తో పాటు వచ్చిన మిగతావి చాలావరకు నేనే చూసి, అదే పద్ధతిలో సంతకం పెట్టినవి. వాటిలో ఎన్ని పిన్నులు తల మాత్రమే మిగుల్చుకుని ఉన్నాయో నాకు తెలియదు. అన్నింటినీ మళ్ళీ తనిఖీ చేస్తానని అడిగాను. ఇన్‌స్పెక్టర్ ఈసారి వాదించలేదు. జీపు ఇచ్చాడు. మా వాళ్ళు కాపలా ఉండే ఒక్కొక్క గార్డు పోస్టు దగ్గరికి వెళ్ళి, తొడుగు తిరగేసి మసి ఉందేమో చూడటం, అతుకు మీద గీత గీసి గొట్టాన్ని చేత్తో ఎడమవైపుకు తిప్పి చూడటం మొదలుపెట్టాను. పిన్ను బాగుంటే అది ఇసుమంత కూడా కదలదు.

పులివెందులలో ఒక గార్డు ఇన్‌చార్జి నన్ను చూసి నవ్వాడు.

"మా దానికేం రోగం లేదు మేడం. ఒక్కతూరి గూడా ఆగలేదు."

"ఎప్పుడు పేల్చినారన్నా కడపటిసారి?"

ఆయన కాస్త ఆలోచించాడు. "నేనొచ్చినాక పేల్చిందే లేదు."

పక్కనున్న కుర్రకారంతా నవ్వారు, ఆయన కూడా నవ్వాడు. నేను రైఫిల్‌ను బల్ల మీద పెట్టి, గీత గీసి, గొట్టాన్ని ఎడమవైపుకు తిప్పాను. మెత్తగా తిరిగింది. గీత రెండుగా విడిపోయింది. ఇన్‌చార్జి నవ్వు ఆపి దగ్గరికొచ్చి వంగి చూశాడు.

"ఇదేంది మేడం! అవసరమొచ్చి పేల్చింటే?"

"అయిదు పోయేటివి" అన్నాను.

ఆయన కుర్చీ తెప్పించి నన్ను కూర్చోబెట్టాడు. లోపల ఉన్న మిగతా మూడు రైఫిళ్ళనూ ఆయనే స్వయంగా మోసుకొచ్చి వరసగా బల్ల మీద పెట్టాడు. వాటిలో ఇంకొకటి కదిలింది. రెండింటికీ పిన్నులు మార్చి, ఊరి బయట సున్నపు గుంటల దగ్గర ఒక్కొక్కదానికి పది రౌండ్లు పేల్చి, అప్పుడు సంతకం పెట్టాను. సంతకం పక్కన ఎన్ని రౌండ్లు పేల్చానో అంకె కూడా వేశాను. రిజిస్టర్లో దానికి ప్రత్యేకంగా గడి లేదు. స్కేలు పెట్టి నేనే గీసుకున్నాను.

జాబితాలో ఇంకా సగం గార్డు పోస్టులు మిగిలే ఉన్నాయి. మర్నాడు పొద్దున్నే చక్రాయపేట వైపు జీపు కావాలని డ్రైవరుకు చెప్పి, చేతులు కడుక్కోవడానికి కొళాయి దగ్గరికి వెళ్ళాను.